ప్లేటెక్కిన పేరు

ఎర్రగట్టు ఐలేశం బతుకులో ఒక్కసారే కల్లు తాగాడు. ఆ ఒక్కసారి కూడా పెండ్లానికి ముందే చెప్పి, పక్కన సాక్షిని కూర్చోబెట్టుకుని, ముంతలు లెక్కపెట్టుకుని మరీ తాగాడు. అయినా తిరుమలగిరి చుట్టూ ఇరవై ఊళ్లలో ఆయన పేరెత్తితే "ఎవరు, ఆ తాగుబోతు పాటగాడా?" అనే అంటారు. అననీ. నలుగురి నోళ్లు మూయించడం మన వల్ల అయ్యే పనా? కానీ జరిగింది జరిగినట్టు ఒకరైనా చెప్పాలి కదా. అందుకని చెబుతున్నాను, మధ్యలో అడ్డం రాకండి.

ఐలేశం కురుమ. తిరుమలగిరికి నాలుగు మైళ్ల దూరంలో, గుట్ట కింద, ఎర్రగట్టు వాళ్ల ఊరు. ఎనభై గొర్లు, ఒక కుక్క, జానమ్మ అనే పెండ్లాం. కూతురికి పెండ్లి చేసి పంపేశారు. పొద్దంతా గొర్ల వెంట కంచెల్లో, బీళ్లలో తిరిగేవాడికి ఏదో ఒక పాట పుడుతుంది. అందరికీ పుడుతుంది, పొద్దుగూకేసరికి చస్తుంది. ఐలేశానికి పుట్టినవి చావలేదు, అంతే తేడా. ఆయన పాటల్లో చిలకలూ కోయిలలూ ఉండవు. అన్నీ లోకాన్ని బాగుచేసే పాటలే. తాగొద్దు, పెండ్లాన్ని కొట్టొద్దు, మాల మాదిగల్ని బావి కాడ ఆపొద్దు, దొరకు వెట్టి చెయ్యొద్దు. ఆయన పాట విని ఎవరైనా బాగుపడ్డారా అంటే, ఒకడు పడ్డాడు. ఈ కథంతా వాడు బాగుపడటంతోనే వచ్చింది.

ఐలేశానికి పాట నేర్పింది ఆయన తాతకు తమ్ముడు, బీరప్ప తాత. బీరప్ప తాత డోలు మీద చెయ్యి పెట్టించి ఒట్టేయించుకుని నేర్పాడు. "మంచి మాట ఎవలకన్న చెప్పు, పేరుతోటి పని లేదు. తప్పు గురించి పాడినవంటే మాత్రం ఊరు చెప్పు, పేరు చెప్పు, జరిగిందే చెప్పు. పేరు లేని తప్పును ఎవడు తనది అనుకోడు. జరగంది పాడినవో, నోరు పుండైతది" అన్నాడు. ఐలేశం ఆ మాటను తు.చ. తప్పకుండా నమ్మాడు. ఒకసారి ఉప్పలమ్మ అనే ఆమె మేకపాలలో నీళ్లు కలుపుతుందని సరిగ్గా విచారించకుండా పాడితే తొమ్మిది రోజులు నోరంతా పుండ్లు పడ్డాయి. ఆ రోజుల్లో ఆయన పచ్చి చింతకాయలు కొరక్కుండా ఒక్క పూటా ఉండలేదని జానమ్మ అంటుంది. దానికీ దీనికీ సంబంధం లేదని ఐలేశం అంటాడు.

పంతొమ్మిది వందల యాభై ఏడులో ఒక చలికాలం పొద్దున ఐలేశం పనుండి బావ ఊరు తుమ్మలకుంటకు పోయాడు. బావంటే జానమ్మ అన్న, మైసయ్య. ఇంట్లో లేడు. గొర్ల దొడ్డిలో చూస్తే గొర్ల మధ్య ముడుచుకుని పడుకుని ఉన్నాడు. ఒంటి మీద గొంగడి లేదు. ముందురోజు కల్లు దుకాణంలో కుదవపెట్టి తాగాడు. ఒక ముసలి గొర్రె వాడి మూతి నాకుతోంది. మైసయ్య కళ్లు తెరవకుండానే "ఊకోవే, తెల్లారనియ్యి" అంటున్నాడు. ఐలేశం కాసేపు నిలబడి చూశాడు. తిరిగి ఎర్రగట్టు చేరేలోపు పాట తయారైంది.

తుమ్మలకుంట మైసన్నకు గొంగడెక్కడ పోయెనో
ఏడు ముంతల కల్లు కొరకు కుదవపెట్టి వచ్చెనో
గొర్ల నడుమ చొచ్చి పండి గుర్రు గుర్రు పెట్టెనో
మూతి నాకిన ముసలి గొర్రెను పెండ్లామనుకునెనో

ఇంకా తొమ్మిది చరణాలున్నాయి. కల్లుతో కొంప ఎట్లా గుల్లవుతుందో, పిల్లలు ఎట్లా పస్తులుంటారో అన్నీ వివరంగా చెప్పాడు. జనం ఆ తొమ్మిదీ వదిలేసి ముసలి గొర్రెను పట్టుకున్నారు. జాతరల్లో పాడారు, నాట్లేస్తూ పాడారు, పెండ్లిళ్లలో పాడారు. కల్లు దుకాణంలో తాగుతూ పాడారు. సమితి ఆఫీసు వాళ్లు మైకుల బండిలో ఐలేశాన్ని ఎక్కించుకుని ఊరూరా తిప్పి పాడించారు. పెంటగుంతల మీద, మసూచి టీకాల మీద కూడా పాటలు కట్టమంటే కట్టాడు. వాటిలో ఎవరి పేర్లూ లేవు. అవి ఎవరూ మళ్లీ పాడలేదు.

అరవైలో మైసయ్య తాగుడు మానేశాడు. పాట వల్లే మానాడని ఐలేశం, కడుపునొప్పి వల్ల మానాడని మైసయ్య పెండ్లాం అంటారు. ఎందుకైతేనేం, మానాడు. గొంగడి విడిపించుకున్నాడు, మందను పెంచాడు. ఒళ్లు దగ్గర పెట్టుకుని బతికేవాడని పేరొచ్చి, కురుమ కులానికి పెద్దగా పెట్టుకున్నారు. ఐలేశం సంబరపడి పాట చివర ఇంకో చరణం కట్టాడు. మైసన్న మానెనో, మంచిదారి పట్టెనో అని. నాలుగు జాతరల్లో గొంతు చించుకుని పాడాడు. మంచివాడైన మైసయ్య మీద ఒక్కరికీ మోజు పుట్టలేదు. ఆ చరణం మొదలవగానే జనం లేచి మిఠాయి దుకాణాల వైపు పోయేవారు.

అరవై మూడులో మద్రాసు నుంచి గ్రామఫోను ప్లేట్ల కంపెనీ వాళ్లు హైదరాబాదులో ఇల్లు కిరాయికి తీసుకుని, పల్లె పాటలు పాడేవాళ్లను పిలిచి ప్లేట్లు కొడుతున్నారు. తిరుమలగిరి అంగడి కాడ హోటలు నడిపే దుర్గయ్యకు గ్రామఫోను ఉంది, హోటలు కప్పు మీద మైకు ఉంది, ప్లేట్లు కొనడానికి హైదరాబాదు పోయే అలవాటూ ఉంది. ఆయనే కంపెనీ మనిషిని అంగడి రోజు కారులో తీసుకొచ్చాడు. ఐలేశం పాడాడు, డోలు మీద బీరన్న వాయించాడు. బీరన్న ఐలేశానికి చిన్నప్పటి దోస్తు, మాట తక్కువ, వాయింపు ఎక్కువ. కంపెనీ మనిషి నాలుగు పాటలు ఏరాడు. తాగుడు పాట, పెండ్లాన్ని కొట్టేవాడి పాట ఒక ప్లేటు. టీకా పాట, పెంటగుంత పాట ఇంకో ప్లేటు. అట్ట మీద "సంఘసంస్కార గీతాలు" అని అచ్చేస్తానన్నాడు. వెట్టి చేయించిన దొర మీద పాట మాత్రం నిడివి ఎక్కువైందని పక్కన పెట్టాడు. అది తాగుడు పాట కన్నా రెండు చరణాలు తక్కువని ఐలేశం లెక్క చెప్పాడు. కంపెనీ మనిషి చాయ తాగుతూ గోడ మీది క్యాలెండరు చూశాడు.

ఈ కబురు తుమ్మలకుంటకు పోవడానికి ఎంతసేపు? మూడో రోజు పొద్దున్నే మైసయ్య వచ్చాడు. ఉతికిన ధోతి, తలకు తెల్ల రుమాలు, చేతిలో కులపెద్ద కర్ర. చెల్లెలు ఇచ్చిన మజ్జిగ ముట్టుకోలేదు.

"బావా, ప్లేట్ల నన్ను గూడ పాడుతున్నవట" అన్నాడు.

"పాడుతున్న బావా. గాళ్లు ముందుగాల గదే అడిగిండ్రు" అన్నాడు ఐలేశం.

"నేను బంజేసి మూడేండ్లాయె."

"ఎర్కనే. నిన్ను చూసి మేమంత మురుస్తున్నం."

"మురిసుడు గాదు. నా పేరు తియ్యి."

మైసయ్య కూర్చున్నాడు. కులపెద్దగా మాట్లాడటం అలవాటైన మనిషి, మొదలుపెడితే మెల్లగా, ఒక్కొక్కటే చెప్పుకొస్తాడు.

"పోయిన నెల ఇద్దరన్నదమ్ములకు గొర్లు పంచుతున్న. అందరు ఇంటున్నరు. నేను తీర్పు చెప్పిన. ఎన్క నుంచి ఎవడో 'ముసలి గొర్రె ఎవలకు బావా' అన్నడు. పంచాయితంత నవ్వు. తీర్పు పాయె, నేను పాయె. ఇంట్ల కోడలు నీళ్లిస్తది, మొకం పక్కకు తిప్పుకొని ఇస్తది. నవ్వాపుకోలేక. గిదంత నేను ఓర్చుకున్న. ఎందుకంటే నోటి పాట నోటితోనే పోతది. ఎన్నేండ్లకన్న మరుస్తరు. ప్లేటంటే గట్ల గాదు బావా. నేను సచ్చినంక గూడ దుర్గయ్య హోటల్ల గొర్రెను ముద్దువెట్టుకుంటనే ఉంట."

వాకిట్లో జానమ్మ పేడ ఎత్తుతూ ఆగిపోయింది. మైసయ్య గొంతు అట్లా వణకడం ఆమె తల్లి పోయిన రోజు తర్వాత వినలేదు.

"ఇంకొకటి" అన్నాడు మైసయ్య. "ఏడు ముంతలని పాడినవు. నేను తాగింది నాలుగు. ఆరేండ్ల సంది చెప్పుకుందమంటే ఎవడింటడు?"

ఐలేశం దిమ్మెరపోయాడు. నాలుగంటే పాట నడవదు, ఏడైతేనే నడుస్తుంది. కానీ ఏడని కట్టినప్పుడు ఏడే అయ్యుంటాయని తనకు గట్టి నమ్మకం. చేత్తో పెదవులు తడుముకున్నాడు. పుండ్లేమీ లేవు. అయినా ఆ పూట కారం తినలేదు.

మరి ఏం చెయ్యాలి? పాట మానేస్తే కంపెనీ మిగతావీ మానేస్తుంది. టీకా పాట కోసం మద్రాసు నుంచి ఎవరొస్తారు? పెద్దాళ్లు ఆయన్ని ఒక్కసారి పిలిచారు, రెండోసారి పిలవరు. "ఏం పరేషానయ్యా, రాజయ్య అని పెట్టు, లోకంల రాజయ్యలకు కరువా?" అన్నాడు దుర్గయ్య. ఏ ఊరి రాజయ్య? ఎప్పుడు తాగాడు? గొంగడి ఎక్కడ కుదవపెట్టాడు? బీరప్ప తాత బతికుంటే చెప్పుతో కొట్టేవాడు. మూడు రోజులు ఐలేశం గొర్ల వెంట తిరుగుతూ ఆలోచించాడు. తాగుబోతులు ఆయనకు చాలామందే తెలుసు. పేరు పెట్టుకోనిస్తారా అంటే ఒక్కడూ ఇవ్వడు. ఇచ్చేవాడు ఒక్కడే కనిపించాడు. చిక్కల్లా వాడు ఇంతవరకూ తాగకపోవడమే.

"జానా, రేపు నేను తాగాలె" అన్నాడు అన్నం ముందు కూర్చుని.

"తాగు" అంది జానమ్మ. "ఎల్లుండి పొద్దుగాల గొర్లను ఎవలు తోల్కపోవాలె?"

విషయం చెప్పాడు. అన్న పేరు పోతుందంటే ఆమె ముఖం విచ్చుకుంది. గొర్లను తానే తోలుకుపోతానంది.

మర్నాడు పొద్దు వాలకముందే ఐలేశం, బీరన్న కల్లు దుకాణానికి పోయారు. ఐలేశం భుజం మీది గొంగడి తీసి కల్లు పోసే గౌండ్లాయన ముందు పెట్టాడు. గౌండ్లాయన ఆ గొంగడిని చూశాడు, మనిషిని చూశాడు. కల్లు మీద పాట కట్టి తన బేరం చెడగొట్టినవాడు. "నీకెందుకయ్యా కుదవ? తాగితే ఊకెనే తాగు. నువ్వు తాగినవంటే నాకు గంతే సాలు" అన్నాడు. ఊరికే తాగితే పాట అబద్ధమవుతుంది. ఐలేశం బతిమాలాడు. గొంగడి తీసుకోకపోతే పక్క ఊరికి పోతానన్నాడు. చివరికి గౌండ్లాయన గొంగడిని వెనకేసుకుని ముంత అందించాడు.

మొదటి ముంత గటగటా దిగింది. రెండో దానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడో దాని తర్వాత ఐలేశం దుకాణంలో ఉన్న తొమ్మిదిమందికీ తాగుడు వల్ల వచ్చే నష్టాలు చెప్పాడు. నాలుగో దాని దగ్గర ఆగి, "మా బావ గిక్కడ ఆగిండు. మంచోడు" అని ఏడ్చాడు. ఐదూ ఆరూ బీరన్న ముక్కు పట్టి తాగించాడు. ఏడోది ఎట్లా తాగాడో ఆయనకు గుర్తు లేదు. బీరన్న భుజాన వేసుకుని తీసుకుపోయి గొర్ల దొడ్డిలో వదిలి, గోడెక్కి కూర్చున్నాడు. సాక్షి అంటే సాక్షే. పొద్దున్నే జానమ్మ చెంబుతో నీళ్లు తీసుకుని వచ్చింది. చుట్టూ పదిమంది చేరారు. ఐలేశం గొర్ల మధ్య లేచి కూర్చుని, తల రెండు చేతుల్తో పట్టుకుని, ముందుగా అడిగిన మాట ఒకటే.

"గొర్రె నాకిందా?"

"నాకింది" అన్నాడు బీరన్న.

"నేనేమనుకున్న?"

"ఏమనుకున్నవో నాకేం ఎర్క. పైకి మాత్రం 'జానా, జర జరుగు' అన్నవ్."

పదిమందీ పగలబడి నవ్వారు. జానమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఐలేశం ఆ తలనొప్పిలోనే సంతోషపడ్డాడు. పాటలో ఒక్క మాట కూడా మార్చనక్కర్లేదు. ఊరు, పేరు మారిస్తే చాలు. ఎర్రగట్టు ఐలన్నకు గొంగడెక్కడ పోయెనో. రెండు వాంతులు చేసుకుని, దొడ్డిలోనే నిలబడి ఒకసారి పాడి చూసుకున్నాడు. బాగా కుదిరింది.

తుమ్మలకుంటకు కబురు పంపితే మైసయ్య నమ్మలేదు. స్వయంగా వచ్చి బీరన్నను అడిగి, గౌండ్లాయన దగ్గర గొంగడి చూసి, అప్పుడు ఐలేశాన్ని కౌగిలించుకున్నాడు. వెళ్తూ వెళ్తూ మజ్జిగ అడిగి తాగిపోయాడు.

అక్కడితో అయిపోతే ఈ కథ చెప్పే పనే లేదు. హైదరాబాదు ప్రయాణం రెండు రోజులుందనగా జానమ్మ జొన్నలు చెరుగుతూ అడిగింది.

"రెండో పాటల గుర్వయ్య పేరు గట్లనే ఉంచుతున్నవా?"

గుర్వయ్య సంగతి చెప్పాలి. ఎండాకాలం గొర్లకు మేత దొరక్క ఐలేశం వాళ్లు మందను కృష్ణ ఒడ్డుకు, ఆత్మకూరు దిక్కుకు తోలుకుపోయేవారు. అక్కడ ఎరువు కోసం రైతుల చేలల్లో మందను నిలిపేవారు. అట్లా గుర్వయ్య అనే రైతు చేనులో ఉన్నప్పుడు, సంకటి చల్లారిందని గుర్వయ్య పెండ్లాన్ని చెంప మీద కొట్టడం ఐలేశం చూశాడు. తిరుగు దారిలో పాట కట్టాడు.

సల్లబడ్డ సంకటి చూసి సర్రున లేచెనో
ఆలి చెంప మీద గుర్వన్న అయిదు ఏళ్లు దించెనో

"ఉంచక?" అన్నాడు ఐలేశం. "నా కండ్లతోని చూసిన. అబద్ధమా?"

"మా అన్నది గూడ నీ కండ్లతోనే చూసినవు. మా అన్న వచ్చి అడిగిండు కాబట్టి తీసినవు. గుర్వయ్య ఆత్మకూరు కాణ్నుంచి రాలేడు కాబట్టి ఉంచుతవు. గాయన గూడ మారిండో ఏమో, ఎవలు చూసొచ్చిండ్రు?"

న్యాయమైన మాట. న్యాయమైన మాటకు ఐలేశం ఎప్పుడూ తలొగ్గేవాడు, అది ఆయనకున్న జబ్బు. ఆలోచించాడు. ఆత్మకూరు పోయి రావడానికి రోజులు లేవు. పేరు మార్చాలంటే దారి మొన్నటిదే. చుట్ట వెలిగించాడు, ఆరిపోయింది. మళ్లీ వెలిగించాడు.

"జానా" అన్నాడు. "ఒక్క దెబ్బ. మెల్లగనే. నువ్వు సరేనంటేనే. బీరన్నను పిలుస్త, సాక్షి ఉంటడు."

జానమ్మ చేట కింద పెట్టింది. కోపంగా చూస్తుందేమోనని ఐలేశం భయపడ్డాడు. కోపంగా చూడలేదు. మామూలుగానే చూసింది.

"కొట్టే పని లేదు" అంది. "అది ఎన్నడో అయ్యింది."

"ఏమయ్యింది?"

"పెద్ద పొట్టేలు సచ్చిన నాడు. ఐదేండ్లాయె. గీ గడప కాడనే. నువ్వు కూసున్నవు, ఏడుస్తున్నవు. నేను చెంబుల నీళ్లు తెచ్చి, జర తాగు అన్న. లేచి కొట్టినవు. కుడి చెయ్యి. చెంబు గక్కడి దాక పోయి పడ్డది" అని వాకిట్లో తులసి కోట దాకా చెయ్యి చూపింది. "ఇంక సాక్షంటవా, నేనే."

ఐలేశానికి పొట్టేలు గుర్తుంది. ఎర్ర మచ్చల పొట్టేలు, కొమ్ములు రెండు చుట్లు తిరిగినవి. పాము కరిచి చచ్చింది. అది ఏ రోజో, ఏ పూటో, ఆ పూట ఏం మేసిందో కూడా చెప్పగలడు. దెబ్బ గుర్తు లేదు. ఎంత తవ్వుకున్నా దొరకలేదు. లేదందామని నోరు తెరిచాడు. ఆమె ముఖం చూసి మూసుకున్నాడు. ఇరవై ఏండ్లుగా ఊరివాళ్ల తప్పుల్ని ఊరూపేరుతో సహా ఎత్తి చూపిన మనిషికి, తన తప్పును ఇంకొకరు చెబితే తప్ప తెలియలేదు.

"గన్నేండ్లు ఎందుకు చెప్పలే?" అని అడిగాడు చివరికి.

"నువ్వు అడగలే" అంది జానమ్మ. మళ్లీ చేట ఎత్తుకుంది. కొంతసేపయ్యాక, "సంకటి అని పాడకు. సంకటి కాదు, నీళ్లు" అంది.

హైదరాబాదులో కంపెనీ వాళ్ల ఇంట్లో గోడలకు పరుపులు వేలాడదీసి ఉన్నాయి. బీరన్నను డోలుతో సహా మూలకు నెట్టి, ఐలేశాన్ని ఒక ఇనుప పెట్టె ముందు నిలబెట్టారు. మూడు నిమిషాల్లో ముగించమన్నారు. ఎర్ర దీపం వెలిగితే మొదలు, ఆరితే ఆపాలి. ఐలేశం అన్ని చరణాల్లోంచి ఐదు ఏరుకుని తాగుడు పాట పాడాడు. ముసలి గొర్రె దగ్గర అద్దం అవతల కూర్చున్న కంపెనీ మనిషి కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు ప్లేటులోకి రాలేదు, మధ్యలో అద్దముంది కాబట్టి. రెండో పాటకు ముందు ఐలేశం నీళ్లడిగి తాగాడు. దీపం వెలిగింది.

ఎర్రగట్టు ఐలన్న పొట్టేలు సచ్చెనో
నీళ్లు తెచ్చిన ఆలి చెంప నిండ ఏళ్లు దించెనో

మిగతా చరణాల్లో కూడా పేర్లు మార్చి, జరిగినవి పెట్టి పాడాడు. అవి ఆ రెండు రోజుల్లో జానమ్మ చెప్పినవే. చెంపదెబ్బ ఒకటే కానీ, మాటల దెబ్బలు ఇంకో నాలుగు చరణాలకు సరిపోయాయి. కంపెనీ మనిషి బయటికొచ్చి, "మొన్న అంగట్లో పాడింది ఇది కాదే?" అన్నాడు. "గిదే అసలుది" అన్నాడు ఐలేశం. కంపెనీ మనిషి గడియారం చూసి, నిడివి సరిపోయిందన్నాడు. టీకా పాట, పెంటగుంత పాట కూడా పాడించుకుని పంపారు. ఆ ప్లేటు తర్వాత ఎవరూ కొనలేదు, ఆ సంగతి వదిలేయండి.

మూడు నెలలకు ప్లేట్లు వచ్చాయి. అంగడి రోజు దుర్గయ్య హోటలు కప్పు మీది మైకు తుడిచి, రోడ్డు మీది జనాన్నంతా కేకేశాడు. తుమ్మలకుంట నుంచి మైసయ్య వచ్చాడు, ముందు బెంచీ మీద కూర్చున్నాడు. జానమ్మ బయట, ఆడవాళ్ల పక్కన నిలబడింది. ఐలేశం హోటలు గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. బీరన్న డోలు మోగింది. పాట తుమ్మలకుంట అంటుందని అలవాటుగా చెవి ఒగ్గినవాళ్లకు ఎర్రగట్టు ఐలన్న వినిపించింది. ఒక్క క్షణం అందరూ ఐలేశం వైపు తిరిగి చూశారు. ఆ తర్వాత నవ్వు. అంగడి అంగడంతా నవ్వు. మైసయ్య నవ్వలేదు. చేతి కర్ర పక్కన పెట్టి, రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఆ వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి. ఆరేండ్ల తర్వాత ఆ పాటలో ఆయన లేడు.

దుర్గయ్య ప్లేటు తిరగేశాడు. మొదటి పాట నవ్వు ఇంకా నోళ్లలోనే ఉంది, రెండో పాటకు కూడా నవ్వడానికి తయారుగా ఉన్నారు. రెండు చరణాలు అయ్యేసరికి ఎవరూ నవ్వడం లేదు. మగవాళ్లు చాయ గ్లాసుల్లోకి చూస్తున్నారు. కొందరు గ్లాసులు పెట్టేసి మెల్లగా బయటికి పోయారు. దుర్గయ్యకు ఇబ్బందిగా అనిపించి సూది ఎత్తబోయాడు.

"ఎందుకు తీస్తవ్? పూరాగ కానియ్యి" అంది జానమ్మ. ఆడవాళ్ల పక్క నుంచి వచ్చి హోటలు మెట్టు మీద నిలబడింది.

పాట అయిపోయింది. మైసయ్య లేచాడు. ఇందాకటి కన్నీళ్లు ముఖం మీద అట్లాగే ఉన్నాయి. బావ వైపు చూశాడు. ఐలేశం తల దించుకోలేదు. మైసయ్య చెల్లెలి వైపు తిరిగాడు.

"నిజమేనా గిది?"

"నిజం కాకుంటే పాడడు గద."

"ఎన్నడు?"

"ఐదేండ్లాయె."

"ఐదేండ్లాయె? మరి నాకెందుకు చెప్పలే? నేను సచ్చిపోయిన్నా? తోడబుట్టినోన్ని, నాకు చెప్పద్దా?"

"చెప్తమనే వచ్చిన అన్నా" అంది జానమ్మ. "తెల్లారి లేచి తుమ్మలకుంటకు నడిచొచ్చిన. గప్పుడు నువ్వు తాగుతుంటివి. రెండు రోజులు నీ ఇంట్ల ఉన్న. రెండు రోజులు నువ్వు తెలివిల లేకుంటివి. ఎవలకు చెప్పాలె?"

కులంలో ఎన్నో తగవులు తీర్చిన మైసయ్య మళ్లీ బెంచీ మీద కూర్చుండిపోయాడు. జానమ్మ లోపలికొచ్చి అన్న పక్కన, ఆ హోటల్లో అంతవరకూ ఏ ఆడమనిషీ కూర్చోని బెంచీ మీద కూర్చుంది.

"ఇంకోపారి పెట్టు" అంది దుర్గయ్యతో. "మా అన్న సరిగ్గ ఇనలే."

దుర్గయ్య ఐలేశం వైపు చూశాడు. ఐలేశం గుంజ వదిలి, ముందుకొచ్చి, తానే సూదిని ఎత్తి మొదట్లో పెట్టాడు.